అమాలియా రోద్రిగ్స్, ఫాదో పాట: తరచుగా అడిగే ప్రశ్నలు

పోర్చుగల్ ఫాదో గాయని అమాలియా రోద్రిగ్స్ పాట ఎవరికి వినిపించినా మొదట కాసేపు మాట్లాడరు, తర్వాత వరసగా ప్రశ్నలు మొదలవుతాయి. ఎవరీవిడ, ఎందుకలా ఏడుస్తున్నట్టు పాడుతోంది, ఆ గిటార్ ఏంటి, నియంత మనిషి అంటారు నిజమేనా... కొన్నేళ్ళుగా ఇవే అనుమానాలు తిరిగి తిరిగి వస్తుంటే, విడివిడిగా జవాబులు చెప్పే బదులు ఒకచోట పెడదామని ఇది రాశాను. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోవచ్చు, వరసగా చదవాలనేం లేదు.

## పాట సంగతి

ఫాదో అంటే ఏంటి? జానపదమా, శాస్త్రీయమా?

రెండూ కాదు. 19వ శతాబ్దం మొదట్లో లిస్బన్ నగరంలో, రేవు దగ్గరి పేదల పేటల్లో, సారా కొట్లలో, నావికులూ కూలీలూ వేశ్యలూ మసిలే వీధుల్లో పుట్టిన పట్నపు పాట ఇది. పల్లెటూరి పంటపాట కాదు, రాజుల కొలువు పాటా కాదు. ఫాదో అనే మాటకు విధి, రాత అని అర్థం. లాటిన్‌లోని ఫాతుమ్ నుంచి వచ్చింది, పోర్చుగీసు వాళ్ళ నోట అది 'ఫాదు' అని వినిపిస్తుంది. ఒక గొంతు, ఒక పోర్చుగీసు గిటార్, ఇంకో మామూలు గిటార్, అంతే కచేరీ. 2011 నవంబరులో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది కానీ, నూరేళ్ళ కింద ఫాదో పాడే అమ్మాయి అంటే పరువైన ఇళ్ళలో మొహం చిట్లించేవాళ్ళు.

'సంప్రదాయ ఫాదో' అని వేరే ఉంటుందా? అన్నీ ఒకలాగే వినిపిస్తున్నాయి నాకు.

ఉంటుంది, దీన్ని పట్టుకుంటే ఫాదో సగం అర్థమైనట్టే. సంప్రదాయ ఫాదోలో పాటకి పల్లవి ఉండదు, వరసలు ముందే ఉంటాయి. ఫాదో మెనోర్, ఫాదో కొర్రీదు, ఫాదో మొరారియా అనేవి మూడు పాత వరసలు, వాటికి కర్తలెవరో పేర్లుండవు. తర్వాత ఒక్కో గాయకుడూ వాద్యకారుడూ కట్టిన వరసలు వందకు పైగా వచ్చాయి. ఛందస్సు సరిపోతే ఏ పద్యాన్నైనా ఏ వరసలోనైనా పాడొచ్చు, ఒకే వరసలో నలుగురు నాలుగు వేరే కవితలు పాడతారు. మనవాళ్ళు ఒక పద్యాన్ని ఎవరికి నచ్చిన రాగంలో వాళ్ళు ఎత్తుకున్నట్టే. కాబట్టి వరస తెలిసిన శ్రోత ట్యూన్ కోసం చూడడు, ఈవిడ ఈ మాటని ఎక్కడ ఆపుతుంది, ఎక్కడ సంగతి వేస్తుంది, చివరి పాదాన్ని ఎలా దించుతుంది అని చెవులు రిక్కించి వింటాడు.

పల్లవితో, ప్రత్యేకంగా కట్టిన ట్యూన్‌తో వచ్చేవి రెండో రకం, వాటిని ఫాదో పాటలు అంటారు. నాటక రంగం నుంచి, సినిమాల నుంచి పెరిగినవి. అమాలియా రెండూ పాడింది. సంప్రదాయానికి కాపలాదారుగా చెప్పుకోవాల్సిన పేరు మాత్రం ఆల్ఫ్రెదు మర్సెనెయిరు, వృత్తిరీత్యా వడ్రంగి. మర్సెనెయిరు అన్న మాటకే చెక్క సామాను చేసేవాడని అర్థం, అసలు పేరు వేరే.

ఆ గిటార్ చప్పుడు వీణకీ మాండలిన్‌కీ మధ్యలో ఉన్నట్టుంది, అదేం వాయిద్యం?

అది పోర్చుగీసు గిటార్. బేరిపండు ఆకారంలో ఉండే బుర్ర, రెండేసి చొప్పున ఆరు జతలుగా 12 తీగలు, పైన విసనకర్రలా విచ్చుకున్న బిరడాలు. బొటనవేలు, చూపుడువేలు గోళ్ళతో మీటుతారు. దాని పక్కన తాళం పట్టేది మామూలు గిటార్, దాన్ని వాళ్ళు వియోలా అంటారు. కొన్నిసార్లు ఒక బాస్ గిటార్ కూడా చేరుతుంది. అమాలియా వెనక ఏళ్ళ తరబడి బాస్ వాయించిన జోయెల్ పీనా వందేళ్ళు దాటి బతికి 2021లో పోయారు.

గిటార్ అక్కడ ఊరికే వెనక వాయించేది కాదు. గొంతు ఆగిన చోట అది జవాబు చెబుతుంది. ఒక్కసారి పాటని పక్కన పెట్టి గిటార్ మాత్రమే వింటూ కూర్చోండి, ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

అందరూ నల్ల శాలువా ఎందుకు కప్పుకుంటారు?

లిస్బన్‌లోని మొరారియా పేటలో మరియా సెవేరా అనే ఆమె ఉండేది, 1820లో పుట్టి 1846లో, 26 ఏళ్ళకే చనిపోయింది. వేశ్య. ఫాదో అద్భుతంగా పాడేదని, విమియోజు ప్రభువుతో ఆమెకు సంబంధం ఉండేదని కథలు కథలుగా చెప్పుకుంటారు. ఫాదోకి మొదటి పెద్ద పేరు ఆమెదే. పోర్చుగల్ తీసిన మొదటి టాకీ, 1931లో వచ్చింది, ఆమె కథే. ఆమెకు సంతాపంగానే ఈ నల్ల శాలువా అని అంటారు. కానీ నల్ల గౌను మీద నల్ల శాలువా అనే రూపం ప్రపంచానికి ఫాదో గుర్తుగా నిలిచిపోయింది మాత్రం అమాలియా వల్లే.

## పుట్టుక, బాల్యం

పుట్టినరోజు ఒకచోట జూలై 1, ఇంకోచోట జూలై 23 అని ఉంది. ఏది కరెక్ట్?

రిజిస్టరులో 1920 జూలై 23 అని ఉంది. ఆవిడ మాత్రం జూలై 1నే జరుపుకునేది. ఇంట్లో ఎవరికీ తారీఖు గుర్తులేదు, చెర్రీపళ్ళ కాలంలో పుట్టావని మాత్రం అమ్మమ్మ చెప్పేదట. 'మామిడిపళ్ళ రోజుల్లో పుట్టాడు' అని మన ముసలమ్మలు చెప్పినట్టే. పుట్టింది లిస్బన్‌లోనే గానీ తల్లిదండ్రుల ఊరు బెయిరా బైషా ప్రాంతంలోని ఫుందాంవ్, అక్కడ చెర్రీ తోటలు ఎక్కువ.

చిన్నప్పుడు నిజంగానే రేవులో పళ్ళు అమ్మిందా, లేక పేరొచ్చాక అల్లిన కథా?

నిజమే. నాన్న చెప్పులు కుట్టేవాడు, బ్యాండులో వాయించేవాడు కూడా. లిస్బన్‌లో బతుకు సాగక వాళ్ళు ఊరికి తిరిగి వెళ్ళిపోతూ ఏడాది దాటిన పిల్లని అమ్మమ్మ తాతయ్యల దగ్గర వదిలేశారు. అలా అమ్మమ్మ దగ్గరే పెరిగింది. బడికి వెళ్ళింది కానీ ఎక్కువ కాలం సాగలేదు, 12 ఏళ్ళకే పనిలోకి. ఎంబ్రాయిడరీ నేర్చుకునే చోట, మిఠాయిలు చేసే చోట చేసింది, 14 ఏళ్ళ వయసులో తిరిగొచ్చిన తల్లిదండ్రులతో ఉంటూ ఆల్కాంతరా దగ్గరి రోషా రేవులో పళ్ళు అమ్మింది. చెల్లెలు సెలెస్త్ కూడా తర్వాత పేరున్న ఫాదో గాయని అయింది, 2018లో 95 ఏళ్ళకి పోయేదాకా పాడుతూనే ఉంది.

ఈ పేదరికాన్ని పత్రికలు ఎప్పుడూ అందమైన కథలా రాసేవి. నాకది నచ్చదు. బడి మానిపించిన పిల్ల పెద్దయ్యాక దేశంలోని గొప్ప కవుల్ని ఏరి కోరి పాడిందంటే, ఆ ఆకలి ఎక్కడిదో ఆలోచించాలి.

సంగీతం ఎవరి దగ్గర నేర్చుకుంది?

ఎవరి దగ్గరా కాదు. అమ్మమ్మ ఊరి బెయిరా ప్రాంతపు జానపదాలు ఇంట్లో విన్నది, సినిమాల్లో అర్జెంటీనా గాయకుడు కార్లోస్ గార్దెల్ పాడిన టాంగోలు విని పట్టేసింది, ఇరుగు పొరుగు అడిగితే పాడేది. ఆమె గొంతులో వచ్చే మెలికలు, ఆ గమకాలు కొంత ఆ జానపదాల నుంచే వచ్చాయని వింటుంటే అనిపిస్తుంది. స్పెయిన్ పాటల ప్రభావం కూడా ఉంది, ఫ్లమెంకో తరహా పాటలు తర్వాత స్పానిష్‌లో పాడింది కూడా.

## కెరీర్ మొదలు

మొదటి ఛాన్స్ ఎలా వచ్చింది?

జూన్ నెలలో లిస్బన్‌లో సెయింట్ ఆంథోనీ పండగ జరుగుతుంది, పేటపేటకీ ఒక పాటల ఊరేగింపు ఉంటుంది. 1936లో ఆల్కాంతరా పేట ఊరేగింపులో పాడింది, నలుగురి కంటా పడింది. 1938లో ఒక ఫాదో పోటీకి పేరిస్తే, ఈమె పాడితే మేం పోటీలో ఉండం అని మిగతా అమ్మాయిలు పట్టుబట్టారని, దాంతో ఆమె పోటీ చేయనేలేదని చెబుతారు. 1939లో రెతీరు ద సెవేరా అనే ఫాదో శాలలో వృత్తి గాయనిగా మొదలు పెట్టింది. అక్కణ్ణించి ఎదురు చూడ్డం అనేది లేదు. మరుసటి ఏడాదికే పాటలూ హాస్యమూ కలిసిన రెవ్యూ నాటకాల్లో కూడా పాడుతోంది.

అప్పట్లో ఫాదో పాడటానికి లైసెన్స్ కావాలంట, నిజమా?

నిజం. 1926లో సైనిక పాలన వచ్చింది. 1927లో వినోద ప్రదర్శనల మీద ఒక చట్టం తెచ్చారు. దాని ప్రకారం పాడేవాళ్ళకి వృత్తి కార్డు ఉండాలి, పాడే చోటుకి అనుమతి ఉండాలి, పాటల మాటలు ముందుగా సెన్సారుకి పంపాలి. అంతవరకు సారా కొట్లలో, వీధి మూలల్లో అప్పటికప్పుడు కట్టి పాడిన పాట, కూలి రేట్ల గురించీ సమ్మెల గురించీ కూడా పాడిన పాట, నెమ్మదిగా ఫాదో శాలల్లోకి, కుర్చీలూ దీపాలూ ఉన్న చోట్లకి చేరింది. పాడేవాళ్ళకి స్థిరమైన సంపాదన వచ్చిన మాట వాస్తవమే, కానీ ఆశువుగా పాడే ధైర్యం పోయింది. అమాలియా తరం ఈ శాలల్లో పెరిగిన తరం.

అంత పేరున్నా మొదటి రికార్డు 1945 దాకా ఎందుకు రాలేదు? అది కూడా బ్రెజిల్‌లో?

అప్పటి ఆమె మేనేజరు రికార్డులు వస్తే జనం ఇంట్లోనే వింటారు, కచేరీకి రారు అని అడ్డుపడేవాడు. ఆ రోజుల్లో అలా భయపడ్డవాళ్ళు చాలామంది. 1944లో బ్రెజిల్ వెళ్ళింది, రియో డి జనీరోలోని కోపకబానా కసీనోలో పాడింది. అక్కడి జనం వదల్లేదు. మరుసటి ఏడాది మళ్ళీ వెళ్ళినప్పుడు కాంటినెంటల్ కంపెనీకి 78 ఆర్‌పీఎం రికార్డులు ఇచ్చింది. స్వరకర్త ఫ్రెదెరీకు వలేరియు ఆమె గొంతు ఎంత దూరం వెళ్తుందో చూసి ట్యూన్లు కట్టినవాడు, 'ఆయ్ మొరారియా' ఆయనదే.

పెళ్ళి, పిల్లలు?

1940లో ఫ్రాన్సిస్కు క్రూజ్‌ని పెళ్ళి చేసుకుంది, మెషీన్ పని చేస్తూ సరదాకి గిటార్ వాయించే మనిషి. కొన్నేళ్ళకే విడిపోయారు. 1961లో రియోలో సీజర్ సియాబ్రా అనే ఇంజనీరుని చేసుకుంది, 1997లో ఆయన పోయేదాకా కలిసే ఉన్నారు. పిల్లల్లేరు.

## ప్రపంచమంతా తిరిగిన రోజులు

పోర్చుగీసు రాని వాళ్ళకి ఈ పాట ఎలా ఎక్కింది?

1943లో మాడ్రిడ్‌తో విదేశీ కచేరీలు మొదలయ్యాయి. 1950లలో అమెరికా, 1956లో పారిస్‌లోని ఒలింపియా, 1966లో న్యూయార్క్ లింకన్ సెంటర్, 1969లో సోవియట్ యూనియన్, 1970లో జపాన్. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగా నియంతృత్వ పోర్చుగల్ గాయని రష్యాలో పాడి రావడం చిన్న సంగతి కాదు. ఫ్రెంచి గాయకుడు చార్ల్స్ అజ్నవూర్ ఆమె కోసమే ఫ్రెంచిలో ఒక పాట రాశాడు.

ఎందుకు ఎక్కింది అంటే, నా లెక్కలో మూడొంతులు ఆ గొంతు. ఆమె అరవదు. పై స్థాయికి వెళ్ళినా గొంతు పల్చబడదు, కింది స్థాయికి దిగినప్పుడు మాట చెవిలో చెప్పినట్టు ఉంటుంది, తలకాయ కొంచెం వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుని పాడుతుంటే ఆమె మన కోసం పాడుతున్నట్టు కాక తనలో తాను పాడుకుంటుంటే మనం పక్కన నిలబడి విన్నట్టు అనిపిస్తుంది. మిగిలిన వంతు ఆ పాటలు విడుదలైన సమయం. ఎల్పీ రికార్డులు, టీవీ, విమాన ప్రయాణాలు అప్పుడే ఊపందుకున్నాయి. 'కోయింబ్రా' అన్న పాట 'పోర్చుగల్‌లో ఏప్రిల్' అనే ఇంగ్లీషు పేరుతో 1953 ప్రాంతంలో లోకమంతా మోగింది. దాన్ని జనంలోకి తీసుకెళ్ళిన గొంతుల్లో ముఖ్యమైనది ఈమెదే.

'బార్కు నెగ్రు' బ్రెజిల్ పాటకి కాపీ అంటున్నారు?

కాపీ అనకండి. ట్యూన్ బ్రెజిల్‌దే, కర్తల పేర్లు కూడా ఉన్నాయి, కాకు వెల్యు, పిరాతీని. అసలు పాట పేరు 'నల్లమ్మ' అన్న అర్థం వచ్చేది. సొంత బిడ్డ దెబ్బలు తింటుంటే యజమాని బిడ్డని పెంచే బానిస స్త్రీ గురించిన పాట. పోర్చుగల్‌లో సెన్సారు దాన్ని సహించలేదు. అప్పుడు కవి దవీద్ మోరాంవ్-ఫెరెయిరా అదే వరసకి వేరే మాటలు రాశాడు. సముద్రంలోకి వెళ్ళిన ప్రియుడి నల్ల పడవ, అతను ఇక రాడని చెప్పే ఒడ్డు మీది ముసలమ్మలు, నమ్మని పిల్ల. 1955లో ఆన్రీ వెర్నోయ్ తీసిన ఫ్రెంచి సినిమాలో అమాలియా దాన్ని పాడింది, ఫ్రాన్స్‌లో ఆమె పేరు మోగడానికి కారణం అదే. డప్పు మీద దరువు, దాని పైన ఆ గొంతు. మొదటి పాటలోని తల్లి బాధ మాటల్లోంచి పోయినా దరువులో మిగిలిపోయిందని నాకు అనిపిస్తుంది.

సినిమాల్లో కూడా చేసిందా?

చేసింది. 1947లో వచ్చిన 'కాపష్ నెగ్రష్' పెద్ద హిట్, ఆ రోజుల్లోనే ఒక ఫాదో గాయని కథతో ఇంకో సినిమా వచ్చింది. మంచి నటే, కానీ ఆ సినిమాలు ఇప్పుడు చూసేది పాటల కోసమే.

## కవులతో కలిసిన కాలం

అలాన్ ఉల్మాన్ ఎవరు? ఆయన వచ్చాక అమాలియా మారిపోయింది అంటారు.

లిస్బన్ దగ్గర పుట్టిన ఫ్రెంచి యూదు కుటుంబం వాడు, పియానో వాయించేవాడు. ఆయన ట్యూన్లు ఫాదో చెయ్యగలిగిన దాన్నే మార్చేశాయి. సంప్రదాయ వరసల్లో స్వరాలు కొన్నే ఉంటాయి, ఈయన కట్టినవి ఊహించని మలుపులు తిరుగుతాయి. గిటార్ వాద్యకారులకి మొదట ఇబ్బందిగా ఉండి ఆ పాటలకి 'ఓపెరాలు' అని పేరు పెట్టారట. 1962లో వచ్చిన రికార్డు ఆ మార్పుకి గుర్తు, అట్ట మీద శిల్పి చెక్కిన అమాలియా తల ఉంటుంది కాబట్టి జనం దాన్ని 'బుష్తు', అంటే అర్ధశిల్పం అని పిలుస్తారు.

ఒక విషయం చాలామంది గమనించరు. ఆ రికార్డులోనే పాత వరసలు కూడా ఉన్నాయి. 'ఎష్త్రాన్య ఫోర్మ ద వీద' మాటలు అమాలియావి, వరస మర్సెనెయిరుది. 'పోవు క లావష్ ను రియు' పెద్రు ఒమెన్ ద మెలు కవిత, వరస జొఆకిన్ కాంపుష్ కట్టిన ఫాదో విక్టోరియా. అంటే కొత్తకి వెళ్తూ పాతని వదల్లేదు, పాత వరసలోకి కొత్త కవిత్వం తెచ్చింది. ఆమె మొత్తం జీవితంలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించే పని ఇదే.

కమోయిన్స్‌ని పాడితే అంత గొడవ ఎందుకైంది?

లూయీస్ ద కమోయిన్స్ 16వ శతాబ్దపు మహాకవి, పోర్చుగీసు భాషకే ఆయన పేరు పెట్టి పిలుచుకుంటారు. 1965లో అమాలియా ఆయన పద్యాలు ఉల్మాన్ ట్యూన్లలో పాడి చిన్న రికార్డు విడుదల చేస్తే పత్రికల్లో పెద్ద చర్చ. సారా కొట్ల పాటలోకి మహాకవిని దించుతారా అని పండితులు కోప్పడ్డారు, బాగుందన్నవాళ్ళూ ఉన్నారు. ఆవిడ ఆగలేదు. 1970లో వచ్చిన 'కొన్ క వొజ్' ఆల్బమ్ పేరే కమోయిన్స్ పద్యం. అందులో అలెషాంద్ర ఒ'నీల్, బ్రెజిల్ కవయిత్రి సెసీలియా మెయిరెలెస్, అరి దుష్ సాంతుష్ లాంటి కవుల కవితలు ఉన్నాయి. ఇప్పుడు పోర్చుగల్‌లో చాలామంది ఆ కవితల్ని చదివి కాదు, ఆమె గొంతులో విని నోటికి నేర్చుకున్నారు.

ఆమె పాడటమేనా, రాసిందా?

రాసింది, బాగా రాసింది. 1980, 1983లలో వచ్చిన రెండు ఆల్బమ్‌లు దాదాపు పూర్తిగా ఆమె మాటలే, వరసలు గిటార్ వాద్యకారుడు కార్లుష్ గోన్సాల్వెష్‌వి. 'లాగ్రిమా', అంటే కన్నీరు, రెండో దాంట్లోది. చాలా చిన్న మాటలు, జానపదానికి దగ్గర. 1997లో ఆమె పద్యాలు పుస్తకంగా కూడా వచ్చాయి. మహాకవుల్ని అన్నేళ్ళు పాడిన మనిషి తన దాకా వచ్చేసరికి ఆడంబరం ఏమీ లేకుండా రాయడం నాకు చాలా ఇష్టం.

## నియంతృత్వం, రాజకీయాలు

పోర్చుగల్ నియంత సలాజార్ మనిషి అని చదివాను. నిజమేనా?

సూటిగా చెప్పాలంటే, అంత తేలిక కాదు. సలాజార్, తర్వాత కయెతానూ పాలన 1974 దాకా సాగింది. ఆ ప్రభుత్వం ఆమె పేరుని వాడుకుంది, బిరుదులిచ్చింది, ఆమె తీసుకుంది కూడా. జనాన్ని మత్తులో ఉంచే మూడు 'ఎఫ్'లు అని ప్రత్యర్థులు అనేవాళ్ళు, ఫాదో, ఫాతిమా అనే మేరీమాత పుణ్యక్షేత్రం, ఫుట్‌బాల్. ఆ మొదటి ఎఫ్‌కి ముఖం ఈమెదే అయింది. పాలకుల మీద బహిరంగంగా మాట్లాడిన మనిషి కాదు.

రెండో వైపు చూడండి. దవీద్ మోరాంవ్-ఫెరెయిరా రాయగా ఆమె పాడిన 'అబందోను'కి జనం పెట్టుకున్న పేరు ఫాదో పెనీష్. పెనీష్ అంటే అప్పట్లో రాజకీయ ఖైదీలను పెట్టిన కోట. రేడియోలో దాన్ని ఆపేశారు. 1966లో ఉల్మాన్‌ని రహస్య పోలీసులు అరెస్టు చేసి దేశం నుంచి పంపేస్తే, ఆయన కోసం తిరిగిన వాళ్ళలో ఆమె ఒకరు, ఆ తర్వాత కూడా ఆయనతోనే పని చేసింది. ప్రవాసంలో ఉన్న ప్రతిపక్ష కవి మనుయెల్ అలెగ్ర కవితని 1970 ఆల్బమ్‌లో పాడింది. రాజకీయ ఖైదీల కుటుంబాలకి గుట్టుగా డబ్బు పంపేది. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీకి కూడా సాయం చేసిందని ఆమె పోయాక నోబెల్ రచయిత జోసె సరమాగో బయటపెట్టారు. ఇవన్నీ కలిపి చూడకుండా ఒక్క ముద్ర వేసెయ్యడం అన్యాయం.

1974 విప్లవం తర్వాత ఆమెకేమైంది?

1974 ఏప్రిల్ 25న ప్రభుత్వం కూలింది. ఫాదో అంటేనే పాత పాలన పాట అని యువతరం మొహం తిప్పేసుకుంది. ఆమె రహస్య పోలీసుల మనిషి అని కూడా పుకార్లు. ఆమెకది చాలా లోతుగా తగిలింది. విదేశాల్లో హాళ్ళు నిండుతుంటే సొంత ఊరిలో అనుమానంగా చూశారు. కానీ దేశం వదిలి పోలేదు, పాడటం మానలేదు, గుట్టుగా చేసిన సాయాలు చెప్పుకుని సంజాయిషీ ఇచ్చుకోలేదు. నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేది అని చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. నెమ్మదిగా కోపాలు చల్లారాయి. 1990లో అధ్యక్షుడు మారియు సొఆరెష్ దేశపు పెద్ద పురస్కారం ఇచ్చారు.

## చివరి రోజులు

ఎప్పుడు పోయింది? చివరిదాకా పాడిందా?

1980ల మధ్యలో కణితి ఉందని తెలిసి న్యూయార్క్ వెళ్ళింది. బతకాలని లేని స్థితిలో హోటల్ గదిలో ఒంటరిగా ఫ్రెడ్ ఆస్టేర్ డాన్సు సినిమాలు చూస్తూ ఉండిపోయానని, అవే తనని నిలబెట్టాయని తర్వాత తనే చెప్పింది. తిరిగొచ్చి ఇంకా కొన్నేళ్ళు కచేరీలు చేసింది. 1990ల మధ్యలో ఆరోగ్యం బాగా దెబ్బతిని వేదికకి దూరమైంది. 1999 అక్టోబరు 6న లిస్బన్‌లోని తన ఇంట్లో చనిపోయింది. మూడు రోజుల జాతీయ సంతాపం ప్రకటించారు. నాలుగు రోజుల్లో ఎన్నికలున్నా పార్టీలు ప్రచారం ఆపేశాయి.

పాంథియోన్‌లో ఎందుకు పెట్టారు? అది రాజులకీ ప్రధానులకీ కదా?

దేశపు గొప్పవాళ్ళ సమాధి మందిరం అది, అధ్యక్షులు, రచయితలు ఉండే చోటు. 2001 జూలైలో ఆమె అస్థికల్ని శాంత ఎంగ్రాసియాలోని జాతీయ పాంథియోన్‌కి మార్చారు, అక్కడికి చేరిన మొదటి మహిళ ఆమె. రేవులో పళ్ళమ్మిన పిల్ల. సమాధి దగ్గర పువ్వులు ఇప్పటికీ పెడుతుంటారు.

## ఇప్పుడు వినడం, చూడటం

భాష రాదు. ఎక్కడ మొదలు పెట్టను?

'బార్కు నెగ్రు'తో మొదలు పెట్టండి, దరువు ఉంటుంది కాబట్టి చెవి పట్టుకుంటుంది. తర్వాత 'ఎష్త్రాన్య ఫోర్మ ద వీద', తర్వాత 'గైవోత', ఆ తర్వాత 'లాగ్రిమా'. ఒకే రోజు ఇరవై పాటలు వినకండి, అన్నీ ఒకటే అనిపిస్తాయి. రోజుకొకటి, రాత్రి, లైటు తీసేసి. రెండోసారి వినేటప్పుడు అనువాదం పక్కన పెట్టుకోండి. 'సౌదాద్' అనే మాట తరచూ వినపడుతుంది. దూరమైన దాని మీద బెంగ, ఆ బెంగలోనే కొంచెం తీపి. మన బెంగ అనే మాట దానికి బాగా దగ్గర.

లిస్బన్ వెళ్తున్నాం, ఫాదోకి సంబంధించి ఏం చూడాలి?

సావు బెంతు వీధిలో 193 నంబరు ఆమె ఇల్లు, దశాబ్దాల పాటు అక్కడే ఉంది, ఇప్పుడు మ్యూజియం. అల్ఫామాలో 1998లో తెరిచిన ఫాదో మ్యూజియం ఉంది. ఆ పేటలోనే కళాకారుడు విల్స్ రోడ్డు రాళ్ళతో ఆమె ముఖం తీర్చాడు, నేల మీంచి గోడ మీదికి ఎక్కుతుంది, వాన పడితే ఆమె ఏడుస్తున్నట్టు ఉంటుంది.

పాట కోసం అల్ఫామా, మొరారియా, బైరు ఆల్తు పేటల్లో ఏదో ఒక చిన్న చోటు వెతుక్కోండి. వృత్తి గాయకులు కాకుండా పేటవాళ్ళే లేచి పాడితే దాన్ని ఫాదో వాదియు అంటారు, కుదిరితే అది వినండి. దీపాలు తగ్గించి, 'నిశ్శబ్దం, ఫాదో పాడబోతున్నారు' అంటారు. అప్పుడు ఫోర్క్ చప్పుడు కూడా చెయ్యకండి, వీడియో కోసం ఫోన్ ఎత్తకండి. పాటల మధ్య విరామంలోనే తినడం, మాట్లాడటం.

కోయింబ్రా ఫాదో అని ఇంకోటుందట?

ఉంది, కోయింబ్రా విశ్వవిద్యాలయపు విద్యార్థుల సంప్రదాయం. నల్ల కోట్లు వేసుకుని మగవాళ్ళే పాడటం ఆనవాయితీ, గిటార్ శ్రుతి కూడా లిస్బన్‌ది కాదు. అమాలియాది లిస్బన్ ఫాదో.

మన దేశంలో ఎవరైనా పాడతారా?

గోవాలో పాడతారు. 1961 దాకా పోర్చుగీసు పాలనలో ఉన్న నేల కదా, ఆ పాట అక్కడి ఇళ్ళలో మిగిలింది. సోనియా శిర్సాత్ ఫాదో పాడే గోవా గాయని, అక్కడే శిక్షణ కూడా ఇస్తున్నారు. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో గోవా వెళ్ళేవాళ్ళు బీచ్‌తో పాటు ఒక సాయంత్రం ఫాదో కచేరీకి పెట్టుకోవచ్చు.

అమాలియా తర్వాత ఎవరిని వినాలి?

మరీజా, కమనె, అనా మౌరా, కార్మిన్యు, జీజెలా జొఆంవ్. సంప్రదాయ వరసలు ఎక్కువగా కావాలంటే కమనెతో మొదలు పెట్టండి. వెనక్కి వెళ్ళాలనుంటే మర్సెనెయిరు, మరియా తెరేజా ద నొరోన్య, లూసీలియా దు కార్ము. మర్సెనెయిరుది గొప్ప గొంతేం కాదు, వయసు మీద పడ్డాక మరీ బొంగురు. కానీ ఒక పాదాన్ని అతను విరిచి చెప్పే తీరు విన్నాక అమాలియా దగ్గరికి తిరిగొస్తే, ఆమె ఒక్కో మాటకీ ముందు తీసుకునే చిన్న విరామం కూడా వినపడటం మొదలవుతుంది.